క్రూజ్ షిప్పులో దొరికే ఇటాలియన్ భోజనం అసలైనదేనా?

మీరు అడిగినవి రెండు. మెడిటరేనియన్ క్రూజ్‌లో పెట్టే ఇటాలియన్ తిండి ఇటలీలో తిన్నట్టే ఉంటుందా అన్నది మొదటిది. దానికోసం విడిగా డబ్బు కట్టి ఓడలోని ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్ళడం దండగేనా అన్నది రెండోది. నేను విశాఖలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, కొన్నేళ్ళు ఓడల గ్యాలీల్లో, అంటే వంటగదుల్లో పనిచేశాను. ఎక్కువ కాలం పాస్తా స్టేషన్‌లోనే ఉన్నాను. ఒక అమెరికన్ కంపెనీ ఓడలోనూ, ఒక ఇటాలియన్ కంపెనీ ఓడలోనూ చేశాను కాబట్టి రెండు పద్ధతులూ తెలుసు.

నా లెక్కలో ఏ ఓడ మంచిది అని కాదు, ఏ వంటకం ఓడకి తట్టుకుంటుంది అని చూడాలి. ఒకే రాత్రి, ఒకే గ్యాలీ నుంచి వచ్చిన లజాన్యా (పాస్తా రేకులు, సాస్ పొరలుగా పేర్చి కాల్చేది) ఇటలీలో మంచి హోటల్లో పెట్టేదానికి ఏమీ తీసిపోదు. దాని పక్కనే వెళ్ళిన కార్బొనారా పాస్తాని మాత్రం రోమ్‌లో ఎవరి ముందూ పెట్టలేం. వండేవాళ్ళకి చేతకాక కాదు. ఇటాలియన్ వంటల్లో సగానికి పొయ్యి మీద నుంచి పళ్ళెంలోకి, పళ్ళెంలో నుంచి నోట్లోకి నిమిషాల్లో వెళ్ళిపోవడమే ప్రాణం. ఓడలో దొరకనిది ఆ నిమిషాలే.

గ్యాలీలో ఏం జరుగుతుందో చెప్తాను. పెద్ద ఓడ మెయిన్ డైనింగ్‌లో ఒక్కో సిట్టింగ్‌కి వెయ్యి మందికి పైగా కూర్చుంటారు. అందరికీ ఇంచుమించు ఒకే గంటలో ప్లేట్లు వెళ్ళాలి. అందుకని పాస్తాని మధ్యాహ్నమే ముప్పాతిక వంతు ఉడికించి, బ్లాస్ట్ చిల్లర్‌లో గబగబా చల్లార్చి, అతుక్కోకుండా కాస్త నూనె పట్టించి ట్రేలలో పెడతాం. సాయంత్రం ఆర్డర్ రాగానే ఒక్కో ప్లేటుకి సరిపడా పాస్తాని జాలీ బుట్టలో వేసి, మరిగే నీళ్ళలో అర నిమిషం ముంచి తీస్తాం. వేడి నీళ్ళ తొట్టిలో కూర్చున్న సాస్‌ని దానిమీద పోసి, అంచు తుడిచి, మూత పెట్టి పక్కకి నెడతాం. వెయిటర్ తన టేబుల్ ప్లేట్లన్నీ వచ్చేదాకా ఆగి, ఒకే ట్రే మీద పేర్చుకుని, ఎస్కలేటర్ ఎక్కో, హాలు ఆ చివరికి నడిచో మీ దగ్గరికి తెస్తాడు. దోసెని పొట్లం కట్టించుకుని ఇంటికెళ్ళి తింటే ఎలా ఉంటుందో, మూత కింద ఆగిన పాస్తా అలా ఉంటుంది.

ఇటలీలో ఈ వరస పూర్తిగా వేరు. పాస్తా ఇంకా కాస్త గట్టిగా ఉండగానే తీసి సాస్ ఉన్న పెనంలో వేస్తారు. పాస్తా ఉడికిన గంజినీళ్ళు గరిటెడు పోసి, చివరి నిమిషం రెండు నిమిషాలు సాస్‌లోనే ఉడకనిస్తారు. గంజిలోని పిండి వల్లే సాస్ చిక్కబడి పాస్తాకి అంటుకుంటుంది. ముందే నూనె పూసిన పాస్తాకి సాస్ పట్టదు, జారిపోయి ప్లేటు అడుగుకి చేరుతుంది. ఓడలో తిన్నప్పుడు మీ ప్లేటులో చివర సాస్ మిగిలిపోతే కారణం ఇదే.

రెండో కారణం నిబంధనలు. అమెరికా రేవులకి వెళ్ళే ఓడలకి సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) వాళ్ళ వెసెల్ శానిటేషన్ ప్రోగ్రామ్, అంటే ఓడల పరిశుభ్రత తనిఖీ, వర్తిస్తుంది. గ్యాలీలో అందరం యూఎస్‌పీహెచ్ అనే అంటాం. ముందు చెప్పకుండా తనిఖీకి వస్తారు. నూటికి 85, అంతకంటే తక్కువ వస్తే ఫెయిల్. ఇన్‌స్పెక్షన్ అనగానే గ్యాలీ మొత్తం టెన్షన్ పడుతుంది. చల్లగా ఉండాల్సింది 5 డిగ్రీలు దాటకూడదు, వేడిగా ఉండాల్సింది 57 డిగ్రీలకి తగ్గకూడదు. పచ్చిగానో, సగం ఉడికించో వాడే గుడ్డు పాశ్చరైజ్ చేసినదై ఉండాలి. ఈ నియమాలు న్యాయమైనవే. వేలమంది నాలుగు గోడల మధ్య ఉన్నచోట ఒక్కరికి కడుపు పాడైతే వందమందికి పాకుతుంది. రుచి మీద మాత్రం దెబ్బ పడుతుంది. టమాటా, మొజరెల్లా, తులసి జాతి బేసిల్ ఆకులతో చేసే కప్రేసే సలాడ్ గది వేడిలో ఉంటేనే దాని రుచి. నేపుల్స్ ఉన్న కంపానియా ప్రాంతంలో తాజా గేదెపాల మొజరెల్లాని ఫ్రిజ్‌లో పెట్టడానికే ఒప్పుకోరు. ఓడలో అది, దాని పక్కన కోసిన టమాటా, రెండూ 5 డిగ్రీల్లోనే ఉండాలి. టమాటా చప్పబడిపోతుంది, మొజరెల్లా రబ్బరులా సాగుతుంది.

కార్బొనారా సంగతీ అంతే. రోమ్ పద్ధతిలో గుడ్డు సొన, పెకొరినో రొమానో చీజ్, మిరియాలు, పంది చెక్కిలి మాంసంతో చేసే గ్వాంచాలే, అంతే. క్రీమ్ ఉండదు. పాస్తా వేడికే సొన చిక్కబడాలి, విరిగి పొరటు కాకూడదు. అది ఇద్దరికో నలుగురికో చేసే పని. వందల ప్లేట్లకి వేడి తొట్టిలో గంటసేపు నిలబడాలంటే క్రీమ్ పొయ్యక తప్పదు, గ్వాంచాలే బదులు బేకన్ వస్తుంది.

ఇక పిజ్జా. ప్రయాణికుల ఓడల్లో సాధారణంగా గ్యాస్ ఉండదు, కట్టెల పొయ్యి మాటే లేదు. సముద్రం మధ్యలో అగ్నిప్రమాదం కంటే భయంకరమైనది లేదు కాబట్టి అంతా కరెంటు మీదే. నేపుల్స్‌లో 1984లో ఏర్పడిన పిజ్జా సంఘం చెప్పే లెక్క ప్రకారం పొయ్యి 430 డిగ్రీలకి పైగా కాగాలి, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో దిగాలి. ఓడలో మామూలు డెక్ అవెన్‌కి అంత వేడి రాదు. ఎక్కువసేపు కాలాలి, ఆలోపు తేమ ఎండి అంచు కరకరలాడుతుంది. తినడానికి బాగానే ఉంటుంది, పిల్లలకి నచ్చుతుంది. నేపుల్స్ పిజ్జాకి ఉండే మెత్తని, చేత్తో మడవగలిగే తీరు మాత్రం రాదు.

మూడోది ప్రయాణికులు. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అమెరికన్ ఓడలో మేం పాస్తాని ఇటలీ తీరులో కాస్త పలుకు ఉండగా పంపితే "ఉడకలేదు" అని ప్లేట్లు వెనక్కి వచ్చేవి. ఇటాలియన్ ఓడలో దానికి తలకిందులు: ఒక్క నిమిషం ఎక్కువ ఉడికినా మెత్తబడింది అని వచ్చేవి. ఏ ఓడ అయినా తనలో ఎక్కువమంది ఎవరో వాళ్ళ నోటికే వండుతుంది. కోస్తా అనే క్రూజ్ కంపెనీది ఇటలీలోని జెనోవా. ఎంఎస్‌సీ అనే ఇంకో కంపెనీ ఆఫీసు స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో ఉన్నా నడిపేది ఇటలీ మూలాలున్న కుటుంబం. ఈ ఓడలు మెడిటరేనియన్‌లో తిరిగేటప్పుడు ఇటాలియన్ ప్రయాణికులు చాలామంది ఎక్కుతారు, సరుకు కూడా అక్కడి రేవుల్లోనే ఎక్కుతుంది. అదే ఓడ వేరే సముద్రానికి వెళ్తే వంట కొంత మారిపోతుంది.

అమెరికన్ ఓడల మెనూలో కనిపించే ఆల్ఫ్రెడో పాస్తా, చికెన్ పార్మిజానా, మీట్‌బాల్స్ వేసిన స్పగెట్టి ఇటలీలో మామూలు హోటల్లో దొరకవు. రోమ్‌లో ఆల్ఫ్రెడో ది లెలియో చేసింది వెన్న, పార్మిజాన్ చీజ్ మాత్రమే వేసిన ఫెట్టుచీనె పాస్తా. క్రీమ్ చేరింది అమెరికాలో. అంతమాత్రాన వీటిని నకిలీ అంటే నేను ఒప్పుకోను. 1880 తర్వాత నలభై ఏళ్ళలో 40 లక్షలకి పైగా ఇటాలియన్లు నేపుల్స్, జెనోవా, పలెర్మో రేవుల నుంచి ఓడలెక్కి అమెరికా వెళ్ళారు. ఊళ్ళో పండక్కి తప్ప మాంసం చూడని వాళ్ళకి అక్కడ మాంసం చవగ్గా దొరికింది, వంట మారింది. అదొక వలస వంట. దాని పేరుతోనే పెడితే దాన్ని గౌరవించి తినాలి.

గ్యాలీలో అదే సరుకుతో, అదే కరెంటు పొయ్యి మీద అసలైన వంట ఎలా ఉంటుందో నేను ఇటాలియన్ ఓడలో చూశాను. సర్వీసు అయిపోయి, స్టీలు బల్లలు కడిగేశాక మా సూ-చెఫ్ (పెద్ద చెఫ్ తర్వాతి వాడు) తనకోసం, మాకోసం ఆల్యో ఎ ఓల్యో, అంటే వెల్లుల్లి, నూనెలతో స్పగెట్టి, చేసేవాడు. ఆయనది సిసిలీ. వెల్లుల్లిని దంచేవాడు కాదు, కాగితంలా పలచగా కోసేవాడు. కాగని ఆలివ్ నూనెలోనే వెల్లుల్లి వేసి, సన్నని సెగ మీద, రంగు మారేలోపు ఎండుమిరప తుంచి వేసేవాడు. పక్క గిన్నెలో స్పగెట్టి. పొట్లం మీద రాసిన సమయం చూసేవాడు కాదు, ఒక్కో పోగు తీసి కొరికి చూసేవాడు. సరైన క్షణంలో పోగుల్ని పటకారుతో నీళ్ళు కారుతుండగానే పెనంలోకి లాగి, గంజినీళ్ళు పోసి, పెనాన్ని ముందుకీ వెనక్కీ విసురుతూ ఉంటే నూనె, నీళ్ళు కలిసిపోయి పాలలా తెల్లబడేవి. చీజ్ లేదు, క్రీమ్ లేదు. నలుగురం నిలబడే తినేసేవాళ్ళం. సాయంత్రం నుంచి మేం పంపిన వందల ప్లేట్ల స్పగెట్టి కూడా ఆ పొట్లాల్లోదే.

అందుకే బఫేలో మీ కళ్ళముందే పెనంలో కలిపి ఇచ్చే పాస్తా కౌంటర్ ఉంటే నేరుగా అక్కడికి వెళ్ళండి, అదీ తెరిచిన మొదటి అరగంటలో. తక్కువ దినుసులున్నవే అడగండి: ఆల్యో ఎ ఓల్యో, లేదా ఉత్త టమాటా సాస్. "అల్ దెంతె", అంటే కాస్త పలుకు ఉండగా, అని ఒక్క మాట చెప్తే వండే కుర్రాడు సంతోషంగా చేస్తాడు. అతను ఫిలిప్పీన్స్ వాడో, ఇండోనేషియా వాడో, మన దేశం వాడో అయి ఉంటాడు, దాన్ని బట్టి వంటని తక్కువ చేయకండి. నేను చూసిన అత్యుత్తమ ఫొకాచా రొట్టె ఒక ఇండోనేషియా బేకర్ చేతిది.

డైనింగ్ హాల్లో మాత్రం ఆగితే బాగుపడే వంటలు ఎంచుకోండి. లజాన్యా, మినెస్త్రోనే సూపు, వంకాయలతో చేసే పార్మిజానా, పుల్లపుల్లగా ఉండే సిసిలీ వంకాయ కూర కపొనాతా, ఫొకాచా, తిరమిసు. రగూ అనే మాంసం సాస్ అయితే పెద్ద కెటిల్‌లో గంటల తరబడి ఉడుకుతుంది కాబట్టి ఇంట్లో చేసినదానికంటే బాగుంటుందని కూడా నా అభిప్రాయం. బొలోన్యా వాళ్ళు 1982లో చాంబర్ ఆఫ్ కామర్స్‌లో నమోదు చేయించిన రగూలో టమాటా కొంచెమే, మాంసమే ఎక్కువ. దాన్ని వెడల్పాటి తల్యతెల్లె పాస్తాతో తింటారు కానీ స్పగెట్టితో కాదు. రగూ అన్నా, మామూలు లజాన్యా అన్నా బీఫ్ ఉంటుంది, తినని వాళ్ళు గుర్తుంచుకోండి. బియ్యంతో చేసే రిసోటో, బేసిల్ ఆకులు నూరి చేసే పెస్తో సాస్, వేయించిన చేపలు డైనింగ్ హాల్లో వద్దు. పెస్తోని అసలు పొయ్యి ఎక్కించకూడదు, వేడి తొట్టిలో కూర్చుంటే ఆ పచ్చదనం, వాసన రెండూ పోతాయి.

మీ ఓడ ఇటలీ రేవుల్లో ఆగుతుంది కాబట్టి ఓడలో కుదరనివన్నీ దిగి తినండి. నేపుల్స్‌లో క్రూజ్ టెర్మినల్ నుంచి పాత ఊరికి నడిచే వెళ్ళొచ్చు, నాలుగు మడతలు పెట్టి కాగితంలో ఇచ్చే పిజ్జా వీధిలోనే దొరుకుతుంది. జెనోవాలో రేవు ఎదురుగా సొత్తొరీపా అనే కమానుల వీధి ఉంది. అక్కడ ఫరినాతా తప్పకుండా తినాలి. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి, బల్లంత వెడల్పు ఉన్న రాగి పళ్ళెంలో పలచగా పోసి కట్టెల పొయ్యిలోకి తోస్తారు. పైన ముదురు బంగారు రంగులో పొర కడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. ముక్కలు కోసి, పైన మిరియాలు చల్లి ఇస్తారు. వేడిగా ఉండగానే తినెయ్యాలి. లివోర్నోలో ఇదే వేరే పేరుతో రొట్టెలో పెట్టి ఇస్తారు. పలెర్మోలో శనగపిండి పలకల్ని వేయించి బన్నులో పెట్టేవి పనెల్లె. బారిలో అయితే పాత ఊరి సందుల్లో ఆడవాళ్ళు గుమ్మాల ముందు కూర్చుని బొటనవేలితో ఒరెక్యెత్తె పాస్తా ఒత్తుతూ కనిపిస్తారు. రోమ్‌కి వెళ్ళే ఓడలు ఆగే రేవు చివిటావెక్యాలో దిగితే రోమ్‌కి రైల్లో ఎలాగైనా గంట పడుతుంది, తిండికోసం ఆ పరుగు నాకు నచ్చదు.

ఇక విడిగా డబ్బు కట్టే రెస్టారెంట్. ఇటాలియన్ కంపెనీ ఓడ అయితే ఇటాలియన్ తిండికోసం అదనంగా కట్టొద్దు. అమెరికన్ కంపెనీ ఓడ అయితే ఒక్క పూట కట్టడం న్యాయమే. ప్రిన్సెస్‌లో సబటినీస్, రాయల్ కరీబియన్‌లో జొవానీస్, హాలండ్ అమెరికాలో కనలెట్టో లాంటివి ఈ కోవలోవి. అక్కడ టేబుళ్ళు తక్కువ, ఆర్డర్ వచ్చాకే పెనం ఎక్కుతుంది, కాబట్టి రిసోటో, సముద్రపు చేపలు, పీతలు వేసిన పాస్తా అక్కడే తినాలి. ఓషియానియా ఓడల్లో టస్కానాకి అదనపు రుసుము లేదు. బుక్ చేసేటప్పుడు జనం తక్కువ ఉండే మొదటి రాత్రిని అడగండి.

మీ అమ్మగారు శాకాహారి అని రాశారు కాబట్టి ఇదొకటి. పార్మిజానో రెజ్జానో చీజ్‌ని దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు, పెకొరినో రొమానోకి గొర్రెపిల్లది వాడతారు. మినెస్త్రోనేలో పంది మాంసం ముక్కలు, రిసోటోలో చికెన్ స్టాక్, పుత్తనెస్కా సాస్‌లో ఆంకోవీ చేపలు, పన్నాకోటా అనే మీగడ తీపిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉండొచ్చు. మెనూలో పక్కన ఆకు బొమ్మ ఉన్నా చీజ్ సంగతి విడిగా అడగాలి. మొదటి రోజే హెడ్ వెయిటర్‌కి గుడ్డు, చేప, రెన్నెట్ కూడా వద్దని స్పష్టంగా చెప్పి, రేపటి మెనూ ఈ రాత్రే చూపించమనండి. ముందురోజు తెలిస్తే గ్యాలీలో విడిగా చిన్న గిన్నెలో చేస్తాం, కూర్చున్నాక చెప్తే ఉన్నదాంట్లోంచి ఏరి పంపడమే అవుతుంది.