సంజాయిషీ నువ్వెందుకు ఇవ్వాలమ్మా?

ప్రశ్న: అక్కా, ఏడేళ్లుగా పార్టీలో డివిజన్ స్థాయిలో పనిచేస్తున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు మా సింగ్ నగర్‌ను ముంచినప్పుడు పడవెక్కి ఇంటింటికీ పాల ప్యాకెట్లు ఇచ్చాను. ఈమధ్య మీటింగ్ అయ్యేసరికి రాత్రి పది దాటితే ఒక నాయకుడి కారులో ఇంటికొచ్చాను. నేను దిగుతుంటే ఫొటో తీసి, పిచ్చి రాతలతో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కారులో ఇంకో ఇద్దరు ఆడవాళ్లున్నారు, ఫొటోలో పడలేదు. మా ఆయన నన్ను నమ్ముతారు, కానీ మనకెందుకీ గొడవ, మానెయ్యమంటున్నారు. టికెట్ మీద ఆశ పెట్టుకున్నాను. ఇప్పుడు అందరికీ సంజాయిషీ చెప్పుకోవడంతోనే సరిపోతోంది.
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: ముందు ఆ సంజాయిషీ ఆపమ్మా. కారులో ఇంకో ఇద్దరున్నారని నాక్కూడా రాశావు చూడు, అక్కడ నా ప్రాణం ఉసూరుమంది. ఒక్కదానివే వస్తే మాత్రం ఏమైంది? ఆ రాత్రి మగవాళ్లు ఎవరి బండెక్కి ఇళ్లకు పోయారో ఎవరైనా అడిగారా?

కోపంలో గ్రూపులోంచి బయటికి రావద్దు. ఫొటో, రాతలు, పెట్టినవాడి నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకుని పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు. స్త్రీని అవమానించే మాటలకు భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

పార్టీకి కూడా కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. ఆఫీసుల్లో అయితే, పనిచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను ఆపడానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటివి వినడానికి కమిటీ ఉంటుంది. పార్టీలు ఆ కమిటీ పెట్టక్కర్లేదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది, అక్కడ యజమాని, ఉద్యోగి అనే సంబంధం లేదని. పొద్దున్నుంచి రాత్రిదాకా తిరిగే ఆడవాళ్లకు అది పనిచోటు కాదట. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక మీ ఆయన సంగతి. నేను కార్పొరేటర్‌గా గెలిచిన కొత్తలో డ్రైనేజీ పని కాగితాలు పట్టుకుని ఒకాయన మా ఇంటికొచ్చి, నేను ఎదురుగా కూర్చునుండగానే మా ఆయన చేతిలో పెట్టాడు. మా ఆయన వాటిని నావైపు తోసి, "కార్పొరేటర్ గారు ఆవిడ, ఆవిణ్ణి అడగండి" అన్నారు. వీధిలో అప్పటిదాకా ఆయన్నే కార్పొరేటర్ గారూ అని పిలిచేవాళ్లు. ఆ రోజు నుంచి మెల్లగా మానేశారు. మీ ఆయన్ని నువ్వు పడవలో తిరిగిన వీధులకు ఒకసారి తీసుకెళ్లు. ఆ ఇళ్లవాళ్లు నీతో ఎలా మాట్లాడతారో ఆయన చెవులతో విననీ.

ఒంటి సంగతి కూడా చూసుకో. బెజవాడ ఎండల్లో ప్రచారానికి తిరుగుతూ, బాత్రూం ఎక్కడా దొరకదన్న భయంతో నేను నీళ్లు తాగేదాన్ని కాదు. యూరిన్ ఇన్ఫెక్షన్‌తో మంచమెక్కాను. ఇప్పుడైతే వీధికొక ఇల్లు ముందే మాట్లాడిపెట్టుకోమని పిల్లలకు చెబుతున్నాను.

మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. అయినా చాలాచోట్ల వాటికి నాయకుల భార్యల పేర్లే ముందుకొస్తాయి. అందుకే వరదప్పుడు నువ్వు ఎవరికి ఏం చేశావో డోర్ నంబర్లతో సహా ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టు. టికెట్ అడగడానికి అది పట్టుకుని వెళ్లు.

స్టేషన్‌కు తోడు కావాలంటే పత్రికకు ఒక ముక్క రాయి, నేనొస్తాను.