పూత నిండుగా ఉన్నా కాయ వంకర తిరుగుతోందా?

ప్రశ్న: అమ్మా, శంకరపల్లి దగ్గర మూడెకరాల్లో డ్రిప్పు, మల్చింగ్ షీటు వేసి పుచ్చ పెడుతున్నాం. పోయిన వేసవిలో తీగ నిండా పూత వచ్చినా పిందెలు పసుపు తిరిగి రాలిపోయాయి. నిలిచిన కాయలు ఒకవైపు సన్నబడి వంకర తిరిగాయి. బాటసింగారం మార్కెట్లో ధర పలకలేదు. తేనెటీగల పెట్టెలు అద్దెకు తెచ్చుకోమంటున్నారు. పనికొస్తాయా? పక్కన వేసే టమాటాకూ కావాలా?
– ఒక రైతు, మెహిదీపట్నం

జవాబు: పుచ్చకు తప్పకుండా పనికొస్తాయి. కానీ అడ్వాన్సు ఇచ్చే ముందు అసలు లోపం ఎక్కడుందో చూసుకోండి. ఈసారి వంకర కాయ కనబడితే నిలువుగా కోయండి. లావుగా ఉన్నవైపు గింజలు నల్లగా గట్టిపడి, సన్నబడినవైపు తెల్లగా తాలుగా ఉంటే పుప్పొడి చాలలేదన్నమాట. గింజ కట్టినవైపే కండ పడుతుంది. రెండువైపులా గింజ బాగుంటే నీళ్లూ ఎరువులూ చూసుకోండి, పెట్టెలకు డబ్బు పోయకండి.

పుచ్చ పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి ఎగరదు. ఆడపువ్వు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. మర్నాడు మళ్లీ విచ్చుకోదు. ఆ కాసేపట్లోనే తేనెటీగలు దాని మీద పదే పదే వాలాలి. పొద్దున ఎనిమిదింటికి సాళ్ల వెంట నడిచి చూడండి. పూల మీద ఈగలు కనబడకపోతే పెట్టెలు తేవాల్సిందే.

ఎకరానికి రెండు చొప్పున ఆరు చాలు. తీగకు ముందు మగపూలు వస్తాయి. కింద చిన్న పిందె ఉన్న ఆడపూలు కనబడ్డాకే పెట్టెలు దించండి. ముందే తెస్తే ఈగలు చుట్టుపక్కల వేరే పూలకు మరుగుతాయి.

నేను గట్టిగా చెప్పేది ఒకటే: పెట్టెలు లెక్కపెట్టి డబ్బులివ్వకండి, మూత తీయించి చూడండి. కనీసం ఎనిమిది ఫ్రేములకు (పెట్టెలో పట్టు కట్టే చట్రాలు) రెండువైపులా ఈగలు కమ్ముకుని ఉండాలి. ఫ్రేమును వెలుతురుకు వంచితే గదుల అడుగున తెల్లటి పిల్లపురుగులు ముడుచుకుని కనబడాలి. వాటి మేతకు పుప్పొడి కావాలి కాబట్టి, పిల్లలున్న పెట్టెలోని ఈగలే పుప్పొడి కోసం ఎక్కువ తిరుగుతాయి. మూడు ఫ్రేముల ఈగలున్న పెట్టెకు నిండు పెట్టె అద్దె అడిగితే ఒప్పుకోవద్దు. నిండు పెట్టెకు నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి.

రాత్రిపూట ద్వారానికి జాలీ బిగించి తేవాలి. మన ఎండలకు నీడ తప్పనిసరి. పక్కనే వెడల్పు పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోయండి. మోటారు స్టార్టర్ డబ్బాకూ, మనుషులు నడిచే దారికీ దూరంగా పెట్టండి.

ఇక మందులు. పెట్టె ముందు నాలుక చాచి చచ్చిపడిన ఈగలను దోసిళ్లతో ఎత్తినదాన్ని, అందుకే బతిమాలుతున్నాను: పూత మీద ఇమిడాక్లోప్రిడ్, థయోమెథాక్సామ్ లాంటి పురుగుమందులు కొట్టకండి. ఏదైనా కొట్టక తప్పకపోతే ముందురోజే పెట్టెల యజమానికి చెప్పండి, చీకటి పడ్డాక, ఈగలన్నీ గూటికి చేరాకే కొట్టండి. మీ గట్టు దగ్గర ఈగలు ఆగవు, రెండు మూడు కిలోమీటర్లు పోతాయి. పక్క చేల వాళ్లకూ చెప్పాలి. మందు పేరు మీద అనుమానం ఉంటే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కీటకశాస్త్ర విభాగం వాళ్లను అడగండి.

టమాటాకు అక్కర్లేదు. దాని పుప్పొడి ఆ పువ్వులోనే రాలి కాయ కడుతుంది.