ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్ ఓవెన్, కెటిల్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టొచ్చా?

పాత అద్దె ఫ్లాట్, వంటగదిలో ఒక్కటే పవర్ సాకెట్, దానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్, కెటిల్ మూడూ వాడుకోవచ్చా అని అడిగారు. లోడు ఎక్కువైతే ఎంసీబీ (మెయిన్ బాక్స్‌లో తనంతట తనే కరెంటు ఆపేసే స్విచ్చు) ఎలాగూ పడిపోతుంది కదా అని కూడా రాశారు. దయచేసి పెట్టకండి. ఎంసీబీ మీద మీరు పెట్టుకున్న ఆ ధీమా చూసే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లు, కెటిల్ 1500. మైక్రోవేవ్ మీద 800 అని ఉంటే అది వంటకు అందే పవర్; లైను నుంచి లాగేది 1200 దాకా ఉంటుంది, వెనక అంటించిన లేబుల్ మీద చూడండి. మొత్తం 4700 వాట్లు. 230 వోల్టుల దగ్గర దాదాపు 20 ఆంపియర్లు. మీ సాకెట్టే 16 ఆంపియర్లది. బజార్లో దొరికే మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డులు చాలావరకు 6 లేదా 10 ఆంపియర్లవే.

ఇక ఎంసీబీ సంగతి. అది కాపాడేది గోడలో ఉన్న వైరుని, మీ బోర్డుకున్న సన్న వైరుని కాదు. 20 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే, 6 ఆంపియర్ల బోర్డులోంచి 15 ఆంపియర్లు పోతున్నా దానికి తప్పేమీ కనిపించదు. 20 కాస్త దాటినా వెంటనే పడిపోదు, గంట పైన కూడా అలాగే ఉండొచ్చు.

ఇది కళ్ళారా చూశాను. విజయవాడలో మా అక్క వాళ్ళు గ్యాస్ అయిపోయినప్పుడు ఇండక్షన్ స్టవ్‌ని కన్వర్షన్ ప్లగ్ పెట్టి చిన్న సాకెట్‌కి తగిలించారు. అన్నం ఉడుకుతుంటే వంటగదంతా చేపల వాసన. ఆ ఇంట్లో చేపలు వండనే వండరు. స్విచ్చాపి ప్లగ్ లాగితే ఒక పిన్ను నల్లబడి ఉంది, సాకెట్‌లో ఆ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ పొంగి బుడగలా లేచింది. ఎంసీబీ మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకంటే స్టవ్ ఒక్కటే లాగింది 9 ఆంపియర్ల లోపే. పాడుచేసింది లూజు కాంటాక్టు. పిన్ను దగ్గర అర ఓం నిరోధం ఉన్నా చాలు, అంత కరెంటుకి ఆ ఒక్క చోటే 38 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్‌ని సాకెట్‌లో దూర్చి వదిలేసినట్టే. ప్లాస్టిక్, బేకలైట్ మాడితే అలాంటి నీచు వాసనే వస్తుంది. మీకెప్పుడైనా వస్తే ముందు మెయిన్ ఆపేయండి, వెతకడం తర్వాత.

అసలు పరిష్కారం ఇంటి ఓనరుతో మాట్లాడి ఎంసీబీ బాక్స్ నుంచి వంటగదికి విడిగా 2.5 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరుతో ఒక లైను లాగించడం. దానికి 16 ఆంపియర్ల సాకెట్, సొంత ఎంసీబీ, సరైన ఎర్తింగ్. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసి షాక్ నుంచి కాపాడే స్విచ్చు) లేకపోతే అదే పనిలో 30 మిల్లీఆంపియర్లది పెట్టించండి, తడి చేతులు తిరిగే చోటు కదా. గోడలో వైర్లు పోయే పైపుల్లో చోటుంటే పెద్ద పనేం కాదు. ఖర్చు అద్దెలో తగ్గించుకోమని ఓనర్లు ఒప్పుకోవడం నేను చూశాను, అడగడానికి మొహమాటపడకండి.

అప్పటిదాకా స్టవ్‌ని నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి, ఒకసారికి ఒక్కటే వాడండి. ఫ్రిజ్ ఆ సాకెట్‌కి ఉంటే దాన్ని వేరే పాయింట్‌కి మార్చండి, దానికి పెద్ద లోడు ఉండదు. కన్వర్షన్ ప్లగ్ ఇంట్లో ఉంటే పారేయండి. దూరం వల్ల బోర్డు తప్పదంటే ఐఎస్‌ఐ మార్కున్న 16 ఆంపియర్లది, కనీసం 1.5 స్క్వేర్ ఎంఎం వైరున్నది, పొట్టిది కొనండి. వైరు మీదే సైజు ముద్రించి ఉంటుంది. పెద్ద సాకెట్ ఉన్నంత మాత్రాన లోపలి వైరు లావుగా ఉందనుకోకండి. మిగిలిన వైరుని చుట్టగా చుట్టి ఉంచితే వేడి బయటికి పోదు, విప్పి పరవండి. సింకుకీ గ్యాస్ స్టవ్‌కీ దూరంగా, గోడకి బిగించుకోండి.

పావుగంట వాడాక స్విచ్చాపి, ప్లగ్ లాగి పిన్నులు కాకుండా పైభాగం తాకి చూడండి. కాస్త గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత కాలితే, లేదా ప్లగ్ సాకెట్‌లో వదులుగా ఆడుతుంటే, ఆ సాకెట్ మార్పించేదాకా వాడకండి.