బ్రిటన్‌ కన్సర్వేటివ్ పార్టీలో ఇజ్రాయెల్‌కు మద్దతు కూడగట్టే సంస్థ 'కన్సర్వేటివ్ ఫ్రెండ్స్ ఆఫ్ ఇజ్రాయెల్' అంత పెద్దది ఎలా అయింది?

దీని మూలం 1973 అక్టోబర్ యుద్ధంలో ఉంది. ఇజ్రాయెల్‌పై ఈజిప్టు, సిరియా దాడి చేసినప్పుడు కన్సర్వేటివ్ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ యుద్ధంలో ఉన్న ఏ దేశానికీ ఆయుధాలు ఇవ్వబోమన్నాడు. పైకి ఇది తటస్థ వైఖరే. కానీ బ్రిటిష్ సెంచూరియన్ ట్యాంకులు నడుపుతున్నది ఇజ్రాయెల్, వాటికి విడిభాగాలు ఆగిపోయాయి. ఈజిప్టు, సిరియాల ఆయుధాలు ఎక్కువగా సోవియట్‌వి కాబట్టి వాళ్లకు పెద్దగా తేడా పడలేదు. సొంత పార్టీలోనే కొందరికి ఇది మింగుడు పడలేదు. మరుసటి ఏడాది ఎంపీ మైకేల్ ఫిడ్లర్ ఈ సంస్థను పెట్టాడు. లేబర్ పార్టీలో ఇలాంటిది 1957 నుంచే ఉంది.

ఆ తర్వాత పార్టీ పగ్గాలు మార్గరెట్ థాచర్ చేతికొచ్చాయి. ఆమె నియోజకవర్గం ఫించ్లీలో యూదు ఓటర్లు గణనీయంగా ఉండేవారు. అది కలిసొచ్చింది.

అసలు కిటుకు మాత్రం పరిచయాలు ముందే పెంచుకోవడం. ఎంపీలనే కాదు, ఇంకా గెలవని అభ్యర్థులను కూడా ఇజ్రాయెల్ తీసుకెళ్లి మంత్రులు, సైనికాధికారులతో కలిపిస్తారు. ఎంపీల ప్రయాణ ఖర్చు ఎవరు పెట్టారో పార్లమెంటు రిజిస్టర్‌లో ఎవరైనా చూడొచ్చు. కాబట్టి దీన్ని రహస్య కుట్రలా చూడటం తప్పు. అయితే, సంస్థకు డబ్బిచ్చేదెవరో ఇంకా స్పష్టంగా చెప్పాలన్న విమర్శ సబబే అని నా అభిప్రాయం.

ఈ పరిచయాలు ఒకసారి బెడిసికొట్టాయి కూడా. 2017లో మంత్రి ప్రీతి పటేల్ విదేశాంగ శాఖకు చెప్పకుండా ఇజ్రాయెల్‌లో నెతన్యాహు సహా పలువురిని కలిశారు. చాలా మీటింగుల్లో పక్కనున్నది ఈ సంస్థను పాతికేళ్లకు పైగా నడిపిన స్టూవర్ట్ పోలాక్. ఆమె రాజీనామా చేయాల్సి వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే హోం మంత్రిగా తిరిగొచ్చారనుకోండి.