ప్రైవేట్ అని రాసినా కంపైలర్ ఊరుకుందేం?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నానండీ, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. జావాలో అకౌంట్ అనే క్లాసు రాసి బ్యాలెన్స్‌ను ప్రైవేట్ చేశాను. అదే క్లాసులోని ట్రాన్స్‌ఫర్ మెథడ్‌లో అవతలి అకౌంట్ బ్యాలెన్స్‌ను డాట్ పెట్టి నేరుగా మార్చేస్తే ఎర్రర్ రాలేదు! కంపైలర్‌లో బగ్ ఉందని మా లీడ్‌తో అంటే నవ్వి వెళ్లిపోయారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్.

జవాబు: ఆ నవ్వేదేదో రెండు ముక్కలు చెప్పి నవ్వి ఉండొచ్చు ఆయన. బగ్ కాదండీ. జావాలో ప్రైవేట్ అంటే ఈ ఆబ్జెక్ట్‌కే సొంతమని కాదు, ఈ క్లాసులో రాసిన కోడ్‌కే సొంతమని. మీ పీజీ గదిలో మంచాలు మూడున్నా తాళం గదికే కదా, పక్క గదివాడు రాలేడు గానీ మీ రూమ్మేట్ మీ చార్జర్ తీసుకుంటే తాళాన్ని తిట్టి ఏం లాభం? కంపైలర్ చూసేది ఆ లైను ఏ క్లాసులో ఉందనే, అది ఎవరి బ్యాలెన్స్ అన్నది దానికి అనవసరం. ఈ వెసులుబాటు లేకపోతే రెండు ఆబ్జెక్టులు సమానమో కాదో పోల్చే ఈక్వల్స్ మెథడ్ రాయడానికే నానా తిప్పలు పడాలి. సీ ప్లస్ ప్లస్‌లోనూ ఇంతే. రూబీ మాత్రం మీ పక్షం, అవతలి ఆబ్జెక్ట్ ప్రైవేట్ మెథడ్‌ను డాట్ పెట్టి పిలిస్తే ఒప్పుకోదు.

అనుమానం తీరకపోతే ఆ లైనునే ఇంకో ఫైల్లో, ఇంకో క్లాసులో రాయండి. 'బ్యాలెన్స్ హ్యాజ్ ప్రైవేట్ యాక్సెస్ ఇన్ అకౌంట్' అని వెంటనే అరుస్తుంది. మెయిన్‌ను అకౌంట్ లోపలే పెట్టి పరీక్షిస్తే మాత్రం అరవదు, కొత్తవాళ్లు చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

ఇన్నర్ క్లాసుల సంగతి ఇంకా తమాషా. బయటి క్లాసు, లోపలి క్లాసు ఒకదాని ప్రైవేట్ ఒకటి చూసుకోవచ్చని భాష మొదట్నుంచీ అంటున్నా, జావా ప్రోగ్రామును నడిపించే జేవీఎమ్‌కు ఒకప్పుడు ఆ చుట్టరికం తెలిసేది కాదు, దాని లెక్కలో అవి రెండు వేర్వేరు క్లాసులు. అందుకని కంపైలరే గుట్టుచప్పుడు కాకుండా మధ్యలో చిన్న మెథడ్‌లు పుట్టించేది. పాత ప్రాజెక్టుల్లో ఎర్రర్ వచ్చినప్పుడు పడే మెథడ్‌ల జాబితాలో, అదే స్టాక్ ట్రేస్‌లో, 'యాక్సెస్ డాలర్ 000' అని కనిపించేది అదే. 2018లో జావా 11 వచ్చాకే ఆ దొడ్డిదారి అవసరం తప్పింది.

నిజంగా తప్పు చేసిన కంపైలర్లూ లేకపోలేదు. సీ ప్లస్ ప్లస్‌లో ఏ టైపుకైనా పనికొచ్చేలా రాసే టెంప్లేట్ల లోపల ప్రైవేట్ తనిఖీని జీసీసీ అనే కంపైలర్ వదిలేసిన బగ్గులు ఏళ్ల తరబడి ఉన్నాయి. మీకు అలాంటిది తగిలితే పది లైన్లకు కుదించి క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌తోనూ కంపైల్ చేసి చూడండి, ఆ తర్వాతే లీడ్ దగ్గరికి వెళ్లండి.