పాలు మానేసిన మేనకోడలికి డికాషన్ టీ గురించి

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

డాక్టరు పాలు మానమన్నాక పొద్దుటి టీ కూడా నీకు దూరమైపోయిందనీ, పాలు పోయకుండా అదే పొడిని మరిగించుకుంటే కషాయం తాగినట్టుందనీ, రెండు చెంచాల చక్కెర వేసినా గొంతు దిగడం లేదనీ నువ్వు మీ అమ్మతో చెప్పిన సంగతి నా దాకా వచ్చింది. నలభై ఏళ్లకు దగ్గరగా పొద్దున్నే పాలు లేని టీ తాగుతున్న మనిషి ఇంట్లోనే ఉండగా ఇంకొకరిని అడగడమెందుకని మీ అమ్మ నాకు ఫోను చేసింది. ఫోనులో చెబితే సగం వింటావు, మిగతా సగం మర్చిపోతావు కాబట్టి రాసి పంపుతున్నాను.

ముందు తప్పెక్కడ జరుగుతోందో చెబుతాను. నువ్వు పాలు మానేశావే గాని పాల టీ కాచే పద్ధతిని మానలేదు. మన ఇళ్లలో టీ అంటే నీళ్లు, పాలు, పొడి, చక్కెర కలిపి పొంగు వచ్చేదాకా మరిగించి, మంట తగ్గించి, మళ్లీ మరిగించడమే. అంతసేపు మరిగినా ఆ టీ నోటికి మెత్తగా ఉండడానికి కారణం పాలే. ఆకులోంచి దిగే వగరు పదార్థాలను పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి పట్టుకుని తనతో కలిపేసుకుంటుంది కాబట్టి వాటి పదును నాలుకకు పూర్తిగా తెలియదు. పాలు లేనప్పుడు ఆ అడ్డు ఉండదు. ఏడెనిమిది నిమిషాలు కుతకుత ఉడికిన పొడిలో ఉన్నదంతా నేరుగా నీ నోట్లోకే వస్తుంది. అందుచేత పాలు లేని టీని మరిగించకూడదు, వేడినీళ్లలో నానబెట్టాలి. అది చిక్కగా కావాలనుకున్నప్పుడు ఆకు పెంచాలి గాని నానబెట్టే సమయం పెంచకూడదు. ఈ ఉత్తరంలో ఇంకేది మర్చిపోయినా ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకో.

ఈ విద్య నాకు పుట్టుకతో వచ్చింది కాదు. 1986లో రైల్వేవాళ్లు నన్ను అస్సాంలోని జోర్హాట్ దగ్గర మరియాని జంక్షన్‌కు బదిలీ చేసినప్పుడు, స్టేషను దాటితే ఎటు చూసినా టీ తోటలే. ఒక తోట ఆఫీసులో పనిచేసే పెద్ద గుమాస్తాతో నాకు స్నేహం కుదిరింది. మొదటిసారి ఆయన పొద్దున ఎనిమిదింటికి రమ్మంటే సరిగ్గా ఎనిమిదింటికే వెళ్లాను. తీరా చూస్తే ఆయన పనిలో మునిగిపోయి ఉన్నాడు. అక్కడి తోటలు తమ గడియారాన్ని దేశమంతటి కంటే ఒక గంట ముందుకు పెట్టుకుంటాయనీ, ఆయన ఎనిమిది నా ఏడు అనీ అప్పుడు గాని తెలియలేదు. వేసవిలో నాలుగున్నరకే వెలుతురు వచ్చే ప్రాంతం కాబట్టి వాళ్ల లెక్క వాళ్లకు సబబే. ఆ రోజు ఆలస్యంగా వచ్చిన అతిథికి మర్యాద చేయాలని ఆయన నీళ్లు పెడుతుంటే, నేను సాయం చేద్దామని డబ్బాలోంచి పొడి తీసి మరుగుతున్న గిన్నెలో వేయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, స్టవ్ ఆర్పి, చిన్న తెల్లటి పింగాణీ కూజాలో ఆకు వేసి, దాని మీద నీళ్లు పోసి మూతపెట్టి, చేతి గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. అలా ఒక్కమాట మాట్లాడకుండా నాలుగు నిమిషాలు కూర్చున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తర్వాత తెల్ల కప్పులోకి వంచాడు. రాగి చెంబును చింతపండుతో తోమి ఎండలో పెడితే వచ్చే రంగు ఉంటుందే, సరిగ్గా ఆ రంగు. కప్పు అంచున నీరు పింగాణీని తాకేచోట బంగారు తీగలాంటి వలయం కనిపించింది. మనం నల్ల టీ అంటున్నదాన్ని అస్సాంవాళ్లు లాల్ సాహ్, అంటే ఎర్ర టీ అని ఎందుకంటారో ఆ కప్పు చూశాకే అర్థమైంది.

రుచి విషయంలో మన తెలుగుకు ఒక సదుపాయం ఉంది. చేదు వేరు, వగరు వేరు అని మనకు చిన్నప్పటినుంచే తెలుసు. కాకరకాయ చేదు; వక్క, పచ్చి జామపిందె, నేరేడుపండు వగరు. మంచి డికాషన్‌లో వగరు ఉండి తీరాలి, నాలుక అంచుల్ని కొద్దిగా పట్టుకుని వెంటనే వదిలేయాలి. నిద్రమత్తు వదిలిందని అనిపించేది అక్కడే. చేదు మాత్రం నాలుక వెనక్కు చేరి కప్పు ఖాళీ అయినా పోదు. నీ టీలో వగరు తగిలితే భయపడి ఆకు తగ్గించకు. చేదు తగిలితే ఎక్కువసేపు నానిందని గ్రహించి మరునాడు నిమిషం ముందే వడగట్టు.

ఇక కొలతలు. టీ రుచి చూసే నిపుణులకు 1980 నుంచి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది: 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. అది ఆకులో లోపాలు బయటపెట్టడానికి ఏర్పరచిన కొలతే తప్ప హాయిగా తాగడానికి కాదు, కాబట్టి దాన్ని అనుకరించకు. 200 మిల్లీలీటర్ల కప్పుకు 3 గ్రాములతో మొదలుపెట్టు. గుళికల్లా ఉండే మామూలు టీపొడి అయితే అది తలకొట్టిన చెంచా కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. పొడుగాటి ఆకు అయితే తేలిక కాబట్టి రెండు చెంచాలదాకా పట్టవచ్చు. ఒక్కసారి చిన్న తూకం మీద పెట్టి చూసుకుంటే ఆ తర్వాత జన్మంతా చెంచాతోనే నడిచిపోతుంది. గుళికల పొడికి 3 నిమిషాలు, ఆకుకు 4 నుంచి 5 నిమిషాలు, మరీ మెత్తని డస్ట్‌కు 2 నిమిషాలు చాలు. నీళ్లు తెర్లుతున్నప్పుడే ఆకు మీద పోయాలి. మీ బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చల్లటి కూజాలో పోస్తే ఇంకా పడిపోతాయి. అందుకని కూజాను ముందు కాసిని వేడినీళ్లతో తొలిచి పారబోయి. కూజా లేకపోతే మూత ఉన్న స్టీలు గిన్నె చాలు, కాని సమయం కాగానే పూర్తిగా వడగట్టెయ్యాలి. ఆకును గిన్నెలో వదిలేసి సగం ఇప్పుడు, సగం స్నానం చేసి వచ్చాక తాగుదామనుకుంటే ఆ రెండో సగం నీ పాత కషాయమే. వడగట్టేటప్పుడు చెంచాతో పిప్పిని నొక్కి పిండే అలవాటు మీ అమ్మకు ఉంది, నీకూ వచ్చే ఉంటుంది, అది మానెయ్యి.

ఆకు ఎంపిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో తడబడేది ఇక్కడే. మన వంటిళ్లలో ఉండే గుళికల పొడిని సీటీసీ అంటారు. ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చీల్చి, చుట్టే ఈ పద్ధతి 1930లో అస్సాంలోని అమ్‌గురి తోటలో విలియం మెక్‌కర్చర్ అనే ఆయన చేతుల మీదుగా పుట్టింది. ఆకు అంతగా చీలిపోవడం వల్ల రంగూ చిక్కదనమూ చకచకా నీళ్లలోకి దిగుతాయి. పాలకు ఎదురు నిలిచేది అదే గనుక మన దేశం దానికి అలవాటుపడింది. ఆకును చీల్చకుండా నలిపి చుట్టే పాత పద్ధతిని ఆర్థడాక్స్ అంటారు; దానిలో చిక్కదనం కొంత తక్కువైనా సువాసన ఎక్కువ. పొద్దున్నే బలంగా ఉండే కప్పు కావాలంటున్నావు కాబట్టి నా సలహా అస్సాం ఆకే. మే చివర నుంచి జూన్ దాకా తెంపే రెండో కోత దొరికితే మరీ మంచిది. దాని వాసన ఎలా ఉంటుందని అడిగితే నీకు తెలిసిన పోలికే చెబుతాను: చిన్నప్పుడు మీ అమ్మమ్మ మొలకెత్తిన రాగుల్ని ఎండబెట్టి వేయించి రాగిమాల్ట్ పొడి పట్టించేటప్పుడు ఇల్లంతా వచ్చే వాసన. నీలగిరి టీకి మంచి సువాసన ఉంటుంది గాని అది సాయంత్రానికి బాగుంటుంది. పొద్దుటికి నాకు పలచన. ఇది నా అభిప్రాయం, కూనూరువాళ్లు ఒప్పుకోరు. అట్ట మీద బీఓపీ, బీపీ, పీడీ అని కనిపించే అక్షరాలు జల్లెడ పట్టాక మిగిలిన గింజ సైజును చెబుతాయే గాని నాణ్యతను కాదు. కాబట్టి వాటిని చూసి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. ప్యాకెట్ మీద తయారైన నెల చూసుకో, వంద గ్రాములే కొను.

విడిగా అమ్మే పొడి జోలికి వెళ్లకు. ఉద్యోగం నుంచి దిగాక ఒకసారి చవకగా వస్తోందని బజారులో అరకిలో విడిపొడి కొన్నాను. నీళ్లు పోయగానే అంత ఎర్రగా దిగిందేమిటని మొదట మురిసిపోయాను కూడా. అనుమానం వచ్చి చిటికెడు పొడిని గ్లాసుడు చన్నీళ్లలో వేస్తే క్షణంలో గోధుమరంగు తీగలు అడుగుదాకా జారాయి. అసలు టీపొడి చన్నీళ్లలో అంత తొందరపడదు, రంగు వేసినదే అలా పరుగెడుతుంది. ఆ అరకిలో గులాబి మొక్కలకు కూడా వేయకుండా పారబోశాను. మంచి పొడి తెచ్చుకున్నా దాన్ని దాచడం తెలియాలి, చుట్టుపక్కల వాసననంతా అది పీల్చుకుంటుంది. మీ అత్తయ్య ఒకసారి నా టీ డబ్బాను ఇంగువ పక్కన సర్దింది; నెలరోజులపాటు పొద్దున్నే పులిహోర వాసన వచ్చే టీ తాగాను. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి, పోపుల పెట్టెకూ పొయ్యికీ ఎండకూ దూరంగా పెట్టు.

నీళ్ల సంగతి తక్కువ చూడకు. మీ అపార్ట్‌మెంట్‌కు కావేరి నీళ్లు రాని రోజుల్లో ట్యాంకరులో బోరు నీళ్లు పోయిస్తారని విన్నాను. సున్నం ఎక్కువున్న ఆ నీళ్లతో టీ చేస్తే పైన పలచటి తెట్టు కట్టి, కప్పు గోడకు మచ్చలు పడి, రంగు ముదిరి మట్టినీళ్లలా కనిపిస్తుంది, రుచి కూడా మూగబోతుంది. నువ్వు ఆకును తిట్టుకుంటావు, తప్పు నీళ్లది. తాగడానికి వాడే ఫిల్టరు నీళ్లే టీకీ వాడు, ప్రతిసారీ తాజాగా పట్టుకో.

చక్కెరను ఒక్కరోజులో మానమని నేను చెప్పను. మరియానిలో మా సిగ్నల్ గ్యాంగువాళ్లు చిన్న బెల్లం ముక్క కొరికి, దాని మీద ఎర్ర టీ గుటక వేసేవాళ్లు. వాళ్లలో ఒకాయన తాతలు మన సరిహద్దు పక్కనున్న ఒరిస్సాలోని గంజాం వైపు నుంచి తోట పనికి వచ్చినవాళ్లట, బెల్లాన్ని మన తెలుగు మాటతో బెల్లమనే అడిగేవాడు. ఈ పద్ధతిలో తీపి వేరుగా, టీ వేరుగా తెలుస్తాయి కాబట్టి ముక్క పరిమాణం రోజురోజుకూ తగ్గించుకోవడం సులువు. నిమ్మరసం పిండుకోవాలనిపిస్తే పిండుకో, ఎర్రటి డికాషన్ కళ్లముందే తేనెరంగుకు తేలిపోవడం చూడముచ్చటగానే ఉంటుంది. కాని ఆ పులుపుతో అస్సాం ఆకు వాసన మరుగున పడిపోతుంది. హైదరాబాదులో బిర్యానీ తిన్నాక సులేమానీ తాగినప్పుడు నిమ్మ ఎంత అందమో, పొద్దుటి కప్పులో నాకంత అనవసరం. ఇంకో సంగతి: మంచి చిక్కటి టీ చల్లారేకొద్దీ మసకబారి బియ్యం కడుగులా అవుతుంది. చెడిపోయిందని పారబోయకు. బలమైన ఆకుకే అలా జరుగుతుంది, కాసిని వేడినీళ్లు కలిపితే మళ్లీ తేటపడుతుంది.

తాగే వేళ గురించి చెప్పాలంటే, నువ్వు పరగడుపున తాగి కడుపులో మంట అంటావని నాకు అనుమానం. ముందు గ్లాసుడు మంచినీళ్లు తాగి, రెండు బిస్కెట్లో ఒక అరటిపండో తిన్నాక తాగు. టిఫినుతో కలిపి మాత్రం వద్దు. టీలోని వగరు పదార్థాలు భోజనంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీలు మానమని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఉంది. రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటవద్దని కూడా వాళ్లే చెప్పారు. 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 దాకా ఉంటుందట. నీకు పోయినేడాది హిమోగ్లోబిన్ పది దగ్గర ఆగిపోయిందని మీ అమ్మ బాధపడింది గనుక ఈ గంట నియమం నీకు తప్పదు. ఆరింటికి టీ, ఏడున్నరకు ఇడ్లీ అనుకుంటే సరిపోతుంది.

వచ్చే ఆదివారం మీ అమ్మ బెంగళూరు వస్తోంది. తనతో వంద గ్రాముల గుళికల పొడీ, వంద గ్రాముల ఆకూ, మీ అత్తయ్య మూత వెతికి ఇచ్చిన ఒక స్టీలు డబ్బా పంపుతున్నాను. మొదటి మూడు రోజులు గుళికల పొడితోనే చేసి, ఏ రోజు ఎన్ని నిమిషాలకు వడగట్టావో, వగరు తగిలిందో చేదు తగిలిందో నాకు రాసి పంపు. దాన్ని బట్టి ఆకు సంగతి చూద్దాం.

ఇట్లు,
మీ మావయ్య