ఈపీసీ అంటారు సరే, ఏ కణం?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్. కాలి బొటనవేలి మీద పుండు మూడు నెలలైనా మానలేదు. ‘ఎండోథీలియల్ ప్రొజెనిటర్ కణాలు ఎక్కిస్తే కొత్త రక్తనాళాలు పుడతాయి, వేలు తీయక్కర్లేదు’ అని ఒక క్లినిక్‌లో చెప్పారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: ధర కంటే ముందు ‘ఏ కణం?’ అని అడగండి. 1997లో బోస్టన్‌లో తకయుకి అసహారా, జెఫ్రీ ఇస్నర్ బృందం పెద్దవాళ్ల రక్తం నుంచి వేరుచేసిన కణాలు రక్తనాళాల లోపొర కణాల్లా మారుతున్నాయని ప్రకటించింది. వాటికే ఎండోథీలియల్ ప్రొజెనిటర్ సెల్స్, పొట్టిగా ఈపీసీ, అన్న పేరు స్థిరపడింది. ఆ తర్వాత తేలిందేమంటే, ఆ పేరు కింద రెండు వేర్వేరు జాతులున్నాయి. నాలుగైదు రోజుల్లో పెరిగేవి అసలు మోనోసైట్ల వంటి తెల్లకణాలే. అవి నాళం గోడలో ఇటుకలు కావు, పక్క కణాలను పెరగమని పురిగొల్పే స్రావాలు మాత్రం ఇస్తాయి. నిజంగా గోడ కట్టగలిగేవి ఈసీఎఫ్‌సీలు (ఎండోథీలియల్ కాలనీ ఫార్మింగ్ సెల్స్). పెద్దవాళ్ల రక్తంలో అవి బహు అరుదు. 2017లో నిపుణుల బృందం ఒకటి ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవొద్దని సూచించింది. క్లినిక్‌లు ఇంకా పాత పేరే వాడుతున్నాయంటే కారణం ఊహించుకోవచ్చు.

కాళ్లకు రక్తం అందని రోగుల మీద జరిగిన ట్రయల్స్‌లో చాలావాటిలో వాడింది ఎముక మజ్జ నుంచి తీసిన మిశ్రమ కణాలు. 2002లో జపాన్ వైద్యులు దాదాపు 500 మి.లీ. మజ్జ తీసి, దానిలోని కణాలను పిక్క కండరంలో 40 చోట్ల, చోటుకి 0.75 మి.లీ. చొప్పున గుచ్చారు. ఫలితాలు ఆశ కలిగించాయి. కానీ నెదర్లాండ్స్‌లో 160 మందితో జరిగిన జువెంటాస్ ట్రయల్‌లో (2015) మజ్జ కణాలను తొడ ధమనిలోకి మూడుసార్లు ఎక్కించినా, ఆరు నెలలకు కాలు తీయాల్సి వచ్చినవాళ్ల శాతం తగ్గలేదు. రెండు పద్ధతులూ వేరు, కాబట్టి ఒకదాని ఫలితాన్ని రెండోదానికి అంటగట్టలేం. అయితే ‘వేలు తీయక్కర్లేదు’ అని హామీ ఇవ్వడానికి ఆధారం మాత్రం లేదు. పైగా దీర్ఘకాలం షుగర్ ఉన్నవాళ్లలో ఈ కణాల సంఖ్యా తగ్గుతుంది, పనితనమూ తగ్గుతుంది. నాన్నగారి కణాలనే తీసి నాన్నగారికే ఎక్కించడంలో ఉన్న చిక్కు ఇదే.

మీరు ఇప్పుడు చేయాల్సింది రక్తనాళాల సర్జన్‌ను కలవడం. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే ఏబీఐ 0.9 కంటే తక్కువుంటే నాళాలు మూసుకుపోతున్నట్టు. షుగర్ రోగుల్లో ధమనులకు సున్నం పట్టి గట్టిపడటంతో ఈ అంకె 1.4 దాటి, ‘అంతా బాగుంది’ అని మోసం చేస్తుంది. అందుకే కాలివేలి దగ్గరి ఒత్తిడి కూడా కొలవమనండి. అది 30 మి.మీ. (పాదరసం) కంటే తక్కువైతే ప్రమాదం. యాంజియోప్లాస్టీ, బైపాస్, పుండు మీద బరువు పడని చెప్పులు, ఇన్ఫెక్షన్‌కు మందులు, ఇవి ముందు. వేలు నల్లబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక కణాల చికిత్స ట్రయల్‌లో చేరాలనుకుంటే సీటీఆర్ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదు పట్టిక) రిజిస్ట్రేషన్ నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి అడగండి. ట్రయల్ పేరుతో కణాలకు డబ్బు అడిగితే అక్కడే లేచి రండి. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం, రక్త వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి వంటి ఒప్పుకున్న చికిత్సలు తప్ప మిగతావన్నీ అనుమతి పొందిన ట్రయల్స్‌గానే జరగాలి.

ప్రశ్న: మా ల్యాబ్‌లో రక్తం నుంచి ఈపీసీలు పెంచుతున్నాను. అయిదో రోజుకు చక్కటి గుంపులు కనిపిస్తాయి, మూడో వారానికల్లా రాలిపోతాయి. తప్పెక్కడ?
– పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: తప్పు కంటే తొందర ఎక్కువ. అయిదో రోజు గుంపులు తెల్లకణాలవి, అవి పోవడం సహజం. మీరు ఫైబ్రోనెక్టిన్ అనే ప్రొటీన్ పూసిన ప్లేట్ వాడి, 48 గంటల తర్వాత అంటుకోని కణాలను మరో ప్లేటులోకి మారుస్తున్నారేమో చూసుకోండి. ఆ పద్ధతి ఆ గుంపుల కోసమే పుట్టింది.

ఈసీఎఫ్‌సీలు కావాలంటే కనీసం 50 మి.లీ. రక్తం హెపారిన్‌లో తీయండి. సూది గుచ్చగానే వచ్చే మొదటి ట్యూబును వదిలేయండి, నాళం గోడ నుంచి గీసుకొచ్చిన కణాలు అందులో కలుస్తాయి. బఫర్‌తో సగానికి సగం పలుచన చేసి, కణాలను బరువును బట్టి వేరుచేసే, 1.077 సాంద్రత గల ఫైకోల్ ద్రవం మీద నెమ్మదిగా పొరలా పోయండి. గది ఉష్ణోగ్రతలో 400 జి వద్ద 30 నిమిషాలు తిప్పండి. సెంట్రిఫ్యూజ్ బ్రేక్ ఆపకపోతే పొర చెదిరి ఎర్రకణాలు కలుస్తాయి. కొలాజెన్-1 పూసిన ఆరు గుంటల ప్లేటులో ఒక్కో గుంటకు 3 నుంచి 5 కోట్ల కణాలు వేసి, 10 శాతం సీరం కలిపిన ఈజీఎం-2 అనే పోషక ద్రవం (మీడియం) పోయండి. ఒక రోజు కదపొద్దు. తర్వాత వారం పాటు రోజూ, ఆపై రోజు విడిచి రోజు మీడియం మార్చండి. పాతది తీసేటప్పుడు పిపెట్‌ను గుంట అంచుకే ఆనించండి. రెండో వారం చివర్న, లేదా మూడో వారంలో, రాళ్లు పరిచిన నేలలా చదునైన కాలనీ కనిపిస్తుంది. ఒకటో రెండో వస్తే చాలు, కొందరి రక్తంలో ఒక్కటీ రాదు.

గుర్తింపులోనూ జాగ్రత్త. ఎసిటైల్ ఎల్‌డీఎల్ మింగడం, లెక్టిన్ అంటుకోవడం మోనోసైట్లూ చేస్తాయి. ప్లేట్‌లెట్ తునకలు అతుక్కుంటే వాటి మీద సీడీ31 (‘సీడీ’ అంకెలు కణం పైపొర మీది గుర్తుల పేర్లు) కూడా కనిపిస్తుంది. సీడీ31, సీడీ144, సీడీ146 ఉండాలి. సీడీ45, సీడీ14 ఉండకూడదు. మ్యాట్రిజెల్ అనే జెల్‌లో గొట్టాల్లా అల్లుకున్నంత మాత్రాన రుజువు కాదు. ఎలుకలో అమర్చినప్పుడు రక్తం పారే నాళం కట్టాలి.

ప్రశ్న: ఈపీసీలను పట్టే స్టెంట్ వేశారట. ఇక మందులు మానేయవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. ఆ స్టెంట్ మీద పూసింది ఈపీసీల మీద ఉండే సీడీ34 అనే గుర్తుకు అంటుకునే యాంటీబాడీ. అది రక్తం తయారుచేసే కణాలనూ పట్టేస్తుంది, ఎందుకంటే వాటి మీదా సీడీ34 ఉంటుంది. నాళం మళ్లీ పూడే ముప్పు ఎక్కువున్నవాళ్ల మీద చేసిన ట్రయాస్ ట్రయల్‌లో మందు పూసిన స్టెంట్ల కంటే ఫలితం తగ్గడంతో కొత్తవారిని చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు. తర్వాతి రకంలో యాంటీబాడీతో పాటు సిరోలిమస్ మందు కూడా కలిపారు. మీకు వేసింది ఏ రకమో డిశ్చార్జి కాగితం చూపి అడగండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఎన్నాళ్లన్నది మీ గుండె డాక్టరే చెప్పాలి. అకస్మాత్తుగా ఆపితే స్టెంట్‌లో గడ్డకట్టే ప్రమాదం ఉంది.